స్ట్రింగును ఎక్కడ కోయాలి?



దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట నడిస్తే రెండు పక్కలా మేడల మీద కోచింగ్ సెంటర్ల బోర్డులే. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, ఎస్సై, కానిస్టేబుల్, వాటి మధ్యలో జావా, పైథాన్. సందుల్లోకి తిరిగితే హాస్టళ్లు. విజయవాడ హైవే మీద వచ్చే బస్సులు ఎల్.బి.నగర్‌లో ఆగగానే నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు పిల్లలు బ్యాగులతో దిగుతుంటారు. వాళ్లలో చాలామంది ప్రోగ్రామింగ్‌ను గట్టిగా పట్టుకునేది ఇక్కడికి వచ్చాకే. ఆ పిల్లల కోసం, వాళ్లకు పాఠం చెప్పే మాస్టార్ల కోసం, ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకుంటున్న వాళ్ల కోసం ఈ పూట ఒక చిన్న పాఠం గురించి మాట్లాడతాను. అది స్ట్రింగులో నుంచి, అంటే వరసగా పేర్చిన అక్షరాల్లో నుంచి, మనకు కావలసిన ముక్కను తీసుకునే పాఠం. ఇండెక్సింగ్, స్లైసింగ్ అంటారు.

కోర్సుల్లో దీనికి ఇచ్చే సమయం తక్కువ. నాలుగు ఉదాహరణలు బోర్డు మీద రాస్తారు, పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, క్లాసు లిస్టుల మీదికి, లూపుల మీదికి వెళ్లిపోతుంది. తర్వాత ఇంటర్వ్యూలో ‘ఈ స్ట్రింగును తిరగేసి రాయండి’ అంటే కంఠతా పట్టిన వాక్యం రాసేస్తారు. కానీ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే పేర్లు, ఫోన్ నంబర్లు, రోల్ నంబర్లు, చిరునామాలు చేతికి వస్తాయి. అవన్నీ స్ట్రింగులే. వాటిని ఎక్కడ కోయాలో తెలియని చెయ్యి వాటి మీద పడితే నష్టపోయేది ఎవరో ఒక మనిషి. అందుకే ఈ పాఠానికి తొందరపడొద్దని అడుగుతున్నాను.

పెన్నూ కాగితం అందుబాటులో ఉంటే తీసుకోండి. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ పేరును ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, కాస్త ఎడంగా రాయండి. డి, ఐ, ఎల్, ఎస్, యు, కె, హెచ్, ఎన్, ఎ, జి, ఎ, ఆర్. లెక్కపెడితే పన్నెండు అక్షరాలు. ఇప్పుడు మొదటి అక్షరం డి కింద సున్నా వేయండి. ఐ కింద ఒకటి, ఎల్ కింద రెండు. అలా వేసుకుంటూ పోతే చివరి ఆర్ కింద పదకొండు పడుతుంది. అక్షరాలు పన్నెండు, చివరి నంబరు పదకొండు. కొత్తవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. పన్నెండో నంబరు అక్షరం ఇవ్వమని పైథాన్‌ను అడిగితే ‘ఇండెక్స్ ఎర్రర్’ అని ఎర్ర అక్షరాలు వస్తాయి. అంటే ఆ చోట ఏమీ లేదని.

సున్నాతో ఎందుకు మొదలుపెట్టాలి అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. దర్జీ టేపును గుర్తు చేసుకోండి. టేపు కొస దగ్గర ఉండేది సున్నా. ఒకటి అనే గీత మొదటి అంగుళం అయిపోయిన చోట ఉంటుంది. స్ట్రింగులో నంబర్లను కూడా అక్షరం మీద వేసిన ముద్రలా కాకుండా, అక్షరానికి ముందున్న సందుకు పెట్టిన గుర్తులా చూడండి. డి కి ముందు సున్నా. డి కీ ఐ కీ మధ్య ఒకటి. అలా చివరి ఆర్ దాటాక పన్నెండు. అక్షరాలు పన్నెండు, సందులు పదమూడు. ఈ బొమ్మ మనసులో ఉంటే స్లైసింగులో సగం చిక్కులు విడిపోతాయి.

ఇప్పుడు కోద్దాం. పైథాన్‌లో స్ట్రింగు పేరు పక్కన చదరపు బ్రాకెట్లు పెట్టి, లోపల రెండు నంబర్లు రాసి, మధ్యలో కోలన్ పెడతాం. సున్నా కోలన్ మూడు అంటే సున్నా సందు దగ్గర ఒక కోత, మూడో సందు దగ్గర ఇంకో కోత. మధ్యలో ఉన్నది డి, ఐ, ఎల్. మూడు కోలన్ ఏడు అంటే ఎస్, యు, కె, హెచ్. ఏడు కోలన్ పన్నెండు అంటే ఎన్, ఎ, జి, ఎ, ఆర్. దిల్, సుఖ్, నగర్ మూడు ముక్కలూ విడివిడిగా వచ్చాయి. ఏ అక్షరమూ రెండుసార్లు రాలేదు, ఏదీ తప్పిపోలేదు. ఒక ముక్క ఎక్కడ ముగిసిందో రెండోది అక్కడే మొదలైంది. పైగా చివరి నంబరులోంచి మొదటి నంబరు తీసేస్తే ముక్క పొడవు వచ్చేస్తుంది. ఏడులోంచి మూడు తీస్తే నాలుగు. సుఖ్ అనే ముక్కలో ఇంగ్లిష్ అక్షరాలు నాలుగే.

‘మూడు కోలన్ ఏడు అన్నారు కదా, మరి ఏడో నంబరులో ఉన్న ఎన్ ఎందుకు రాలేదు’ అనే సందేహం అక్షరాలను లెక్కపెట్టే వాళ్లకు వస్తుంది. సందులను లెక్కపెట్టే వాళ్లకు రాదు. నెదర్లాండ్స్‌కు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1982 ఆగస్టులో చేత్తో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఇదే విషయం మీద వాదించారు. వరస అంకెలను చెప్పేటప్పుడు మొదటిదాన్ని కలుపుకొని, చివరిదాన్ని వదిలేసే పద్ధతే మేలని, దానికి సున్నాతో మొదలుపెట్టడమే చక్కగా అతుకుతుందని ఆయన చూపించారు. 1991లో గిడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్‌లో మనం వాడుతున్నది ఈ పద్ధతే. జావాలో సబ్‌స్ట్రింగ్, జావాస్క్రిప్ట్‌లో స్లైస్ కూడా ఇదే లెక్క. ఎక్సెల్‌లో మిడ్ ఫార్ములా మాత్రం ఒకటితో మొదలవుతుంది, దానికి రెండో నంబరుగా పొడవు ఇవ్వాలి. సుఖ్ కావాలంటే పైథాన్‌లో మూడు, ఏడు. ఎక్సెల్‌లో నాలుగు, నాలుగు. పొద్దున ఎక్సెల్, మధ్యాహ్నం పైథాన్ వాడే వాళ్లు ఈ తేడాను నోట్సు మొదటి పేజీలో రాసుకోవాలి.

వెనక నుంచి కూడా లెక్కపెట్టవచ్చు. మైనస్ ఒకటి అంటే చివరి అక్షరం. మైనస్ అయిదు కోలన్ అని రాసి, కోలన్ తర్వాత ఏమీ రాయకపోతే చివరి అయిదు అక్షరాలు. దిల్‌సుఖ్‌నగర్ మీద వాడినా, ఎల్.బి.నగర్ మీద వాడినా వచ్చేది నగర్ అనే ముక్కే. పేరు ఎంత పొడుగున్నా మనకు కావలసింది తోకలో ఉందని తెలిస్తే ముందు నుంచి లెక్కపెట్టే పని లేదు. ఇదే కోతను మలక్‌పేట మీద వాడితే ‘పేట’కు ముందున్న అక్షరాలు కూడా అంటుకొస్తాయి. ఇంగ్లిష్‌లో ఆ ముక్క పి, ఇ, టి అని మూడక్షరాలే కాబట్టి అక్కడ మైనస్ మూడు కావాలి. ఏ స్ట్రింగుకు ఏ కోత పనికొస్తుందో చూడటం ప్రోగ్రాం రాసేవాడి పనే. కంప్యూటర్ చూడదు.

ఇప్పుడు మన పిల్లలందరికీ నోటికి వచ్చిన స్ట్రింగు ఒకటి తీసుకుందాం. పొద్దున్నే ఎల్.బి.నగర్ రింగురోడ్డు దగ్గర సాగర్ రోడ్డు వైపు పోయే కాలేజీ బస్సుల కోసం నిలబడే పిల్లల్ని చూడండి. జె.ఎన్.టి.యు. హైదరాబాద్ కింద ఉన్న కాలేజీల్లో చదివే వాళ్లను హాల్‌టికెట్ నంబరు అడిగితే ఊపిరి తిప్పుకోకుండా చెప్తారు. అందులో పది అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు చేరిన సంవత్సరం. తర్వాతి రెండు కాలేజీ కోడు. ఆ తర్వాతి రెండు, మొదటి ఏడాదిలో చేరిన బి.టెక్ వాళ్లకు 1ఎ, డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరిన వాళ్లకు 5ఎ. తర్వాతి రెండు బ్రాంచి. 01 సివిల్, 02 ఎలక్ట్రికల్, 03 మెకానికల్, 04 ఎలక్ట్రానిక్స్, 05 కంప్యూటర్ సైన్స్. చివరి రెండు వరస సంఖ్య.

స్లైసింగు నేర్పడానికి ఇంతకంటే మంచి స్ట్రింగు దొరకదు. సున్నా కోలన్ రెండు సంవత్సరం, రెండు కోలన్ నాలుగు కాలేజీ, నాలుగు కోలన్ ఆరు చేరిన తీరు, ఆరు కోలన్ ఎనిమిది బ్రాంచి, ఎనిమిది కోలన్ పది వరస సంఖ్య. అయిదు కోతలతో విద్యార్థి వివరమంతా బయటికి వచ్చింది. ఇక్కడితో ఆపితే పాఠం సగమే. అసలు చదువు ఈ తర్వాత ఉంది.

బ్రాంచి 05 వచ్చింది కదా అని దాన్ని అంకెగా మారిస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి అయిదు మిగులుతుంది. తర్వాత 05 కోసం వెతికితే ఒక్కరూ దొరకరు. కాబట్టి కోడు అంకెల్లా కనిపించినా దాన్ని స్ట్రింగుగానే ఉంచాలి. వరస సంఖ్యను అంకెగా మార్చితే తొంభై తొమ్మిది దాకా బాగానే నడుస్తుంది. వందో విద్యార్థి దగ్గర ప్రోగ్రాం ఆగిపోతుంది, ఎందుకంటే 99 తర్వాత ఎ0, ఎ1 అని అక్షరంతో మొదలవుతుంది. అరవై మంది ఉన్న సెక్షన్ మీద పరీక్షించి ‘అంతా బాగుంది’ అనుకున్నవాడికి ఆ సంగతి తెలియదు. మొదటి రెండు అంకెలను బట్టి బ్యాచ్‌లు విడదీస్తే 5ఎ వాళ్లు వేరే బ్యాచ్‌లో పడతారు. వాళ్లు రెండో ఏడాదిలో చేరారు కాబట్టి పక్కన కూర్చున్న వాళ్లకు 21 ఉంటే వాళ్లకు 22 ఉంటుంది. కోత సరిగ్గానే పడింది, ముక్క సరిగ్గానే వచ్చింది. ఆ ముక్కకు అర్థం ఏమిటో ఆలోచించకపోవడమే తప్పు. హాల్‌టికెట్ జాబితాలో తన పేరు కనపడక కంగారుపడేది ఆ డిప్లొమా విద్యార్థి.

ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఒక్క అక్షరం అడిగినప్పుడు ఆ చోటు లేకపోతే పైథాన్ ఎర్రర్ ఇస్తుందని చెప్పాను. స్లైసు అడిగితే మాత్రం ఎర్రర్ ఇవ్వదు. పన్నెండు అక్షరాల స్ట్రింగులో ఏడు కోలన్ వంద అని అడిగినా ఉన్నంత వరకు ఇచ్చి ఊరుకుంటుంది. ఎవరైనా హాల్‌టికెట్ నంబరును ఏడు అక్షరాలే టైపు చేశారనుకోండి. ఆరు కోలన్ ఎనిమిది అడిగితే ఒక్క అక్షరం వస్తుంది. ఆ ఒక్క అక్షరమే బ్రాంచి అనుకుని ప్రోగ్రాం ముందుకు సాగిపోతుంది. ఎర్రర్ రాలేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు. కోసే ముందు, అటూ ఇటూ ఉన్న ఖాళీలను తీసేయండి. పొడవు చూడండి. ఆ తర్వాత కత్తెర పట్టండి.

స్ట్రింగును కోయవచ్చు గానీ అందులో ఉన్న అక్షరాన్ని అక్కడికక్కడ మార్చలేం. ఇది కూడా మన వీధిలోని ఉదాహరణతోనే చెప్తాను. మలక్‌పేట ఆర్.టి.ఓ. పరిధిలో పాత బండ్ల నంబర్లు ఎపి 11 తో మొదలయ్యేవి. 2014లో తెలంగాణ వచ్చాక కొత్త బండ్లకు టిఎస్ 11 వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టిజి 11 వస్తోంది. మన దగ్గర టిఎస్ తో మొదలయ్యే నమూనా నంబరు ఉందనుకోండి. ఒకటో చోట ఉన్న ఎస్ తీసి జి పెట్టమంటే పైథాన్ ఒప్పుకోదు, ‘టైప్ ఎర్రర్’ అంటుంది. రెండు నుంచి చివరి దాకా ఉన్న ముక్కను తీసుకుని, దాని ముందు టిజి కలిపి కొత్త స్ట్రింగు తయారు చేసుకోవాలి. పాతది ఉన్నట్టే ఉంటుంది. రోడ్డు మీద ఈ రోజుకీ మూడు రకాల బండ్లూ తిరుగుతున్నాయి కాబట్టి, మొదటి రెండు అక్షరాలను చూసి తెలంగాణ బండా కాదా అని తేల్చే ప్రోగ్రాం రాసేవాళ్లు ఈ చరిత్ర కూడా తెలుసుకోవాలి.

ఇక మన పేర్ల దగ్గరికి వద్దాం. పేరులో మొదటి ఖాళీ వరకు ఉన్న ముక్కే మనిషి పేరు, మిగిలింది ఇంటిపేరు అని చాలా ప్రోగ్రాములు అనుకుంటాయి. పాములపర్తి వెంకట నరసింహారావు అనే పేరును ఆ లెక్కన కోస్తే మొదటి ముక్క పాములపర్తి. అది ఇంటిపేరు. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, ఆ ప్రోగ్రాం రాసిన చోట వెనకుంటుంది. అమెరికా వెళ్లిన మనవాళ్లలో ఎందరినో అక్కడి ఆఫీసుల్లో ఇంటిపేరు పెట్టి పిలుస్తుంటారు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లకు వీసాలో ఎఫ్.ఎన్.యు. అని, అంటే పేరు తెలియదని పడుతుంది. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరు అది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో కూర్చుని పేరును ఖాళీ దగ్గర విడగొట్టే వాక్యం రాస్తున్న అమ్మాయికి ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, పేరు, ఇంటిపేరు విడివిడిగా అడిగి తీసుకుంటుంది. ఊహించి కోయదు.

ఇంతవరకు ఇంగ్లిష్ అక్షరాలే కోశాం. ఇప్పుడు తెలుగు కోద్దాం. ‘తెలుగు’ అని తెలుగులోనే టైపు చేసి పొడవు ఎంత అని పైథాన్‌ను అడగండి. మూడు అనుకుంటాం. ఆరు అని చెప్తుంది. తకారం ఒకటి, దాని ఎత్వం ఒకటి, లకారం, కొమ్ము, గకారం, ఇంకో కొమ్ము. యూనికోడ్‌లో హల్లుకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తుకు విడిగా ఇంకో సంఖ్య ఉంటాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని అడిగితే అది కూడా ఆరే. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం. శ్రీనివాస్ అనే పేరులో సున్నా చోట ఉన్నది అడిగితే ‘శ్రీ’ రాదు, ‘శ’ వస్తుంది. ‘తెలుగు’ను తిరగేస్తే, మనం కంఠతా పట్టిన ఆ ఇంటర్వ్యూ వాక్యం మొదట ఒక అనాథ కొమ్మును, తర్వాత గు, లె, త లను ఇస్తుంది. మన కంటికి గు, లు, తె రావాలి.

మన పేట పేరునే ఇంకాస్త దగ్గరగా చూడండి. దిల్‌సుఖ్‌నగర్ అని తెలుగులో సరిగ్గా టైపు చేస్తే పొడవు పద్నాలుగు. లెక్కపెడితే కంటికి కనిపించే గుర్తులు పన్నెండే. మిగిలిన రెండూ కనపడని అక్షరాలు. ‘ల్’ కింద ‘సు’ వత్తుగా దిగిపోకుండా ఒకటి, ‘ఖ్’ కింద ‘న’ దిగిపోకుండా ఇంకొకటి ఆపుతున్నాయి. కొన్ని కీబోర్డులు ‘నగర్’ చివర కూడా ఈ కనపడని అక్షరాన్ని వదిలేస్తాయి. అప్పుడు రెండు ‘నగర్’లు కంటికి ఒకేలా ఉంటాయి, కంప్యూటర్ మాత్రం రెండూ వేరంటుంది. చిరునామాలో పేట పేరు తెలుగులో రాసి వెతికితే దొరకకపోవడానికి ఇదొక కారణం.

ఇది చిన్న విషయం కాదని 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ అక్షరం ఉన్న ఒక సందేశం వస్తే చాలు, ఐఫోన్లలో ఆ సందేశాన్ని చూపించే యాప్ మూతపడిపోయేది. ఆ అక్షరం లోపల కూడా ఇలాంటి కనపడని గుర్తే ఒకటి ఉంది. ఆ నెల 19న ఆపిల్ సంస్థ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి దాన్ని సరిచేసింది. అంత పెద్ద సంస్థలో అంతమంది ఇంజనీర్లు పరీక్షించిన తర్వాత కూడా తెలుగులో ఒక అక్షరం జారిపోయింది. తెలుగు తెలిసినవాళ్లు ఈ పనిలో ఉండాల్సిన అవసరం ఎంతో అక్కడే తెలుస్తోంది.

దీనికి మార్గాలున్నాయి. మనిషి కంటికి ఒక అక్షరంగా కనిపించేది ఏదో చెప్పే నియమాలను యూనికోడ్ సంస్థ తయారుచేసింది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో, వత్తులున్న అక్షరాన్ని మధ్యలో విడగొట్టకూడదనే నియమం తెలుగుకు కూడా చేరింది. పైథాన్‌లో రెజెక్స్ అనే లైబ్రరీని విడిగా ఇన్‌స్టాల్ చేసుకుంటే, బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ గుర్తుతో ఈ నియమాల ప్రకారం ముక్కలు తీసుకోవచ్చు. ఏ వెర్షన్ నియమాలు అందులో ఉన్నాయో చూసుకుని, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటల మీద పరీక్షించి వాడండి. మెసేజులు పంపే ప్రోగ్రాం రాస్తే ఇంకొకటి గుర్తుంచుకోండి. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 గుర్తులే. అందులో ఒక్క ‘స్త్రీ’ ఆరు తినేస్తుంది. డెబ్బై దగ్గర గుడ్డిగా కోస్తే పల్లెలో ఆ మెసేజ్ చదువుకునే రైతుకు ఆఖరి మాట వత్తు తెగి, దీర్ఘం పోయి చేరుతుంది.

మాస్టార్లకు నా విన్నపం ఒకటే. మొదటి వారంలోనే, ఇంగ్లిష్ ఉదాహరణల పక్కన ఒక తెలుగు స్ట్రింగును కూడా బోర్డు మీద పెట్టండి. పొడవు ఎంతో పిల్లల్ని ముందు ఊహించమనండి, తర్వాత చేత్తో లెక్కపెట్టమనండి, ఆ తర్వాతే ప్రోగ్రాం రన్ చేయమనండి. ఊహకూ జవాబుకూ తేడా వచ్చిన చోట ఆగి మాట్లాడండి. ఆ పది నిమిషాల్లో వాళ్లకు స్ట్రింగు అంటే ఏమిటో నిజంగా తెలుస్తుంది.

నేర్చుకుంటున్న పిల్లలకు చెప్పేదేమిటంటే, ఇంగ్లిష్ రాదనో, ఊరి నుంచి వచ్చామనో ఈ రంగంలో మనం వెనకబడిపోతామని అనుకోకండి. గుణింతాలు, వత్తులు పలక మీద దిద్ది వచ్చిన మీకు, ఒక అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చిన్నప్పటి నుంచే తెలుసు. ఇంటిపేరు ముందు ఎందుకుంటుందో తెలుసు. 5ఎ అంటే ఎవరో తెలుసు. ఈ తెలివిడి ఏ భాష మాన్యువల్‌లోనూ రాసి ఉండదు. రేపు మీసేవ కేంద్రంలో, బ్యాంకులో, ఆస్పత్రిలో మనవాళ్ల పేర్లను కోసి అతికే ప్రోగ్రాములు రాయబోయేది మీరే. సందులు లెక్కపెట్టడం బాగా నేర్చుకోండి. తెలుగు స్ట్రింగు మీద పరీక్షించకుండా ఏ ప్రోగ్రామూ ఎవరి చేతికీ ఇవ్వకండి.